అన్నం మానేశా మేడం, వారానికి రెండు క్వార్టర్లే!

పోయిన నెల నడుం కొలత గురించి రాశాను కదా, మగాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడమని, అప్పట్నుంచీ వస్తున్న ప్రశ్నల్లో సగం మందు గురించే. అడిగే తీరు కూడా ఒకటే, ముందు నాలుగు లైన్లు డైట్ గురించి గొప్పగా రాసి ఆఖర్న చిన్నగా "అప్పుడప్పుడూ పుచ్చుకుంటా" అని, దాని కింద "పేరు వెయ్యొద్దు మేడం" అని. వెయ్యన్లెండి. ఈ సంచిక మొత్తం దానికే.

ప్రశ్న: మేడం నాకు 38 ఏళ్లు, మిర్చి యార్డులో కమీషన్ కొట్టు మాది. బరువు 92. మూణ్ణెల్ల నుంచి రాత్రిళ్లు అన్నం మానేసి రెండు పుల్కాలే తింటున్నా, పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో గంట నడుస్తున్నా. తగ్గింది కేజీ, అదీ ఓ వారం ఉంటది ఓ వారం ఉండదు. బుధవారం, శనివారం ఫ్రెండ్స్‌తో సిట్టింగ్ ఉంటది, నాది క్వార్టరే, అదీ సోడాతోనే. మందులో చక్కెర, కొవ్వు ఏమీ ఉండవంట కదా, మరి తేడా ఎక్కడ కొడుతోంది? — గుంటూరు

జవాబు: మీరన్నది నిజమేనండీ, విస్కీలో చక్కెరా లేదు కొవ్వూ లేదు. కానీ ఆల్కహాలుకి సొంత కేలరీలున్నాయి. అన్నంలో పిండిపదార్థం గ్రాముకి 4, నూనె గ్రాముకి 9, ఆల్కహాలు గ్రాముకి 7. అంటే అన్నం కంటే నూనెకే దగ్గర చుట్టం. మన షాపుల్లో దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ము, వోడ్కా మామూలుగా అన్నీ 42.8 శాతమే, సీసా తిప్పి చూడండి. 180 మిల్లీల క్వార్టర్లో 60 గ్రాముల ఆల్కహాలు ఉంటది, అంటే 420 కేలరీల పైమాటే, రెండు పెద్ద కప్పుల అన్నం. మీరు రాత్రి మానేశానన్న అన్నం కూడా బహుశా అంతే!

అసలు సంగతి ఇంకోటుంది, అది మీకు నాకంటే బాగా అర్థమవుద్ది. యార్డుకి రెండు రకాల సరుకొచ్చింది అనుకోండి, ఒకటి బాగా ఎండిన కాయ, ఇంకోటి వానకి తడిసిన కాయ. ఎండిన కాయకి తొందరేముంది, రేటు లేకపోతే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీకి తోలేస్తారు. తడిసింది దాయలేరు కదా, బూజు పట్టుద్ది, కాబట్టి ముందు దాన్నే ఎంతకో కొంతకి వదిలించుకుంటారు. ఒంట్లో ఆల్కహాలు ఆ తడిసిన కాయే. దాన్ని దాచుకునే చోటు శరీరంలో ఎక్కడా లేదు, పైగా విషం, అందుకని లివర్ ముందు దాన్ని వదిలించుకునే పనిలో పడుద్ది. అది ముందు ఎసిటాల్డిహైడ్ అయ్యి, ఆ తర్వాత ఎసిటేట్ అయ్యి రక్తంలో తిరుగుతుంటే కండలు దాన్నే ఇంధనంగా వాడేసుకుంటాయి, ఇక కొవ్వు జోలికి వెళ్లాల్సిన అవసరమేముంది? మీ పొట్ట మీదున్న పాత స్టాకు కోల్డ్ స్టోరేజీలోంచి కదలదు, ఆ రాత్రి తిన్న నూనె వెళ్లి దాని పక్కనే చేరుద్ది. మందు నేరుగా కొవ్వుగా మారేది చాలా తక్కువండీ, మందుతో పాటు తిన్నది చేరేదే ఎక్కువ.

పోనీ ఇదంతా గంటలో తెమిలిపోతుందా అంటే, లివర్ గంటకి 7 నుంచి 10 గ్రాములకి మించి తెమల్చలేదు. మీ 60 గ్రాములకి ఆరేడు గంటలు, ఒక్కోసారి ఎనిమిది. తొమ్మిదింటికి మొదలుపెడితే తెల్లవారుజామున నాలుగైదింటి దాకా లివర్‌కి డ్యూటీ. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ, బ్లాక్ కాఫీ, ఏది తాగినా ఆ స్పీడు పెరగదు.

ఇక స్టఫ్, అదే మందులోకి నంజుకునేది. మీ ఉత్తరంలో పుల్కాలు లెక్కపెట్టి రాశారు, సోడా కూడా రాశారు, స్టఫ్ గురించి ఒక్క ముక్క లేదు! నేనోసారి మా తమ్ముడి ఫ్రెండ్స్ మేడ మీద కూర్చుంటే కింద నుంచి ప్లేట్లు పంపించా, పనిలో పని లెక్క కూడా పెట్టా. నలుగురు మనుషులు. వేరుశనగపప్పు వేయించి ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి నిమ్మకాయ పిండిన ప్లేటు ఎనిమిది నిమిషాల్లో ఖాళీ అయ్యింది, అందులో ఒక్కడూ ప్లేటు వంక చూసి తిన్లేదు, మాటల్లో ఉన్నారు, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. తర్వాత చికెన్ పకోడి రెండుసార్లు వెళ్లింది. పదకొండింటికి అందరికీ ఒకేసారి ఆకలి గుర్తొచ్చి బిర్యానీ ఆర్డర్ పెట్టారు. ఆల్కహాలు ఆకలిని లేపుద్ది, చాల్లే అనే ఆలోచనని పడుకోబెడుద్ది, రెండూ ఒకేసారి చేసుద్ది.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం, ఉజ్జాయింపే అనుకోండి. క్వార్టర్ 420, వేరుశనగపప్పు రెండు గుప్పెళ్లు 280, పకోడి 350, బిర్యానీ సగం ప్లేటు తక్కువలో తక్కువ 500, మొత్తం 1550. ఆ రాత్రి మామూలుగా ఇంట్లో తినేది 400 తీసేసినా ఒక్క రాత్రికి 1150 అదనం, వారానికి రెండు రాత్రులు 2300. అటువైపు చూస్తే మిగతా అయిదు రోజులు అన్నం బదులు పుల్కాతో రోజుకి ఓ 250 ఆదా, నడకకి ఇంకో 250, అయిదు రోజులకి 2500. వారానికి మిగిలింది 200. కేజీ కొవ్వు కరగాలంటే 7000 పైన కావాలి. మీ బరువు మిషన్ ఎందుకు కదలట్లేదో తెలిసింది కదా. నడక ఏడు రోజులూ కదా మేడం అంటారేమో, గురువారం, ఆదివారం పొద్దున్న స్టేడియంలో కనపడుతున్నారా? నాకు చెప్పక్కర్లేదు, మీకు తెలిస్తే చాలు.

మందు వల్ల నిద్ర తొందరగా పట్టుద్ది గానీ తెల్లవారుజామున తెగిపోద్ది, లోతైన నిద్ర ఉండదు, నిద్ర చాలని మర్నాడు నాలిక మైసూర్ బజ్జీ మీదకి, స్వీటు మీదకి పోద్ది. అది పై లెక్కలో వెయ్యలేదు.

ఏం చెయ్యాలంటే, 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూటిగా చెప్పేసింది ఆరోగ్యానికి సేఫ్ అనదగ్గ మోతాదే లేదని, కాబట్టి కొంచెం తాగితే మంచిదేలే అని నేను రాయను. పూర్తిగా మానలేరా, ముందు ఒక రాత్రి ఎత్తేయండి, బుధవారం తీసేయడం సులువు. శనివారం వెళ్లబోయే ముందే ఎనిమిదింటికి ఇంట్లో పప్పో కూరో గుడ్డో వేసుకుని కడుపునిండా భోంచేసి వెళ్లండి, ఖాళీ కడుపుతో కూర్చున్నవాడే బిర్యానీ ఆర్డర్ పెట్టేది. ముప్పై మిల్లీల పెగ్గులు రెండు దగ్గర ఆపేస్తే 140 కేలరీలు. స్టఫ్ కింద ఉడకబెట్టిన శనగలు, కీరా, ఆమ్లెట్, నూనె లేని చికెన్ చెప్పుకోండి. వేరుశనగపప్పు కావాలంటే గుప్పెడు తీసుకుని ప్లేటు అవతలాయన ముందుకి జరపండి, ఎదురుగా ఉంటే మాత్రం చెయ్యి ఆగదు.

ప్రశ్న: నాకు 26, బెంజ్ సర్కిల్ దగ్గర జిమ్‌కి వెళ్తా. హాట్ మంచిది కాదని బీర్‌కి మారా, శనివారం రెండు స్ట్రాంగ్ బీర్లు అంతే. బీర్ అంటే బార్లీ కదా, ఒంటికి చలవ, ప్రోటీన్ కూడా ఉంటదంట, కరెక్టేనా? — విజయవాడ

జవాబు: బార్లీ నీళ్లకీ బీర్‌కీ ఉన్న చుట్టరికం చెరుకు రసానికీ రమ్ముకీ ఉన్నంతే నాయనా. 650 మిల్లీల మామూలు బీర్ సీసా 260, 280 కేలరీలు, 8 శాతం దాకా ఉండే స్ట్రాంగ్ అయితే 350 పైనే, అంటే నీ రెండు సీసాలు 700 దాటాయి. పైన క్వార్టర్ కొట్టే పెద్దమనిషి కంటే నువ్వే ఎక్కువ తాగుతున్నావు, ఆల్కహాలు లెక్కలో చూసినా సరే, రెండు స్ట్రాంగ్ బీర్లలో 80 గ్రాములు. ప్రోటీన్ అంటావా, సీసా మొత్తం తాగినా ఒక కోడిగుడ్డులో సగం వస్తే గొప్ప. చలవ అనిపించేది ఫ్రిజ్ వల్ల. పైగా వర్కవుట్ చేసిన రోజు బాగా తాగితే కండ కట్టే పని తగ్గుద్ది, శనివారం లెగ్ డే, అదే కాళ్ల వర్కవుట్, పెట్టుకున్నావంటే ఆ కష్టంలో కొంత కాలవలో పోసినట్టే. లెగ్ డే మంగళవారానికి మార్చుకో, బీర్ ఒకటికి మార్చుకో.

ప్రశ్న: అడగాలంటే సిగ్గుగా ఉంది అక్కా. ఆఫీసు పార్టీల్లో వైన్ తాగుతా, నెలకి రెండు మూడుసార్లు, ఒకటో రెండో గ్లాసులు. మా టీంలో మగపిల్లలు నాలుగు పెగ్గులు వేసినా వాళ్లకేం కావట్లేదు, నాకు రెండు గ్లాసులకే తల తిరుగుద్ది. పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నాం, 8 కిలోలు తగ్గమన్నారు డాక్టరు గారు. వైన్ ఆపాలా? — పటమట

జవాబు: సిగ్గెందుకమ్మా, అడక్కుండా తాగేవాళ్ల కంటే నయమే కదా. ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ, కడుపులోనే ఆల్కహాలుని కొంత విరిచేసే ఎంజైమ్ కూడా తక్కువ, కాబట్టి అదే బరువున్న మగాడు, నువ్వు సమానంగా తాగినా నీ రక్తంలోకి ఎక్కువ చేరుద్ది, పోటీ పడకు. 150 మిల్లీల వైన్ గ్లాసు 120, 130 కేలరీలు, నెలకి అయిదు గ్లాసులంటే నీ 8 కిలోల సమస్య అది కాదు, ఆఫీసులో నాలుగింటికి వచ్చే సమోసాని అడుగు. కానీ పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి బరువుతో సంబంధం లేకుండా ఆపెయ్యి. కడుపుతో ఉన్నప్పుడు ఇంత వరకూ పర్లేదు అనే గీతే లేదు, నెల తప్పిన సంగతి తెలిసేలోపే కొన్ని వారాలు గడిచిపోతాయి.

ప్రశ్న: మా ఆయన పోయిన ఏడాది భవానీ దీక్ష తీసుకున్నారు, 41 రోజులు మందు ముట్టలేదు, 6 కిలోలు తగ్గారు. ఇంద్రకీలాద్రి మీద దీక్ష విరమించి వచ్చారు, ఆదివారం ఫ్రెండ్స్ వచ్చారు, రెండు నెలల్లో 7 పెరిగారు. అంటే తగ్గిందంతా మందు మానడం వల్లేనా? మళ్లీ దీక్ష దాకా ఆగాలా? — భవానీపురం

జవాబు: మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తప్పుగా అనుకోకండి, మా చుట్టాల్లోనే ముగ్గురున్నారు ఇలాంటివాళ్లు. మాల తీసిన రోజు సాయంత్రమే సిట్టింగ్ పెట్టుకునే బ్యాచ్ మన ఊళ్లో ఏ వీధికి వెళ్లినా ఉంటది.

అంతా మందు వల్లే అని చెప్పలేనమ్మా, దీక్షలో మారింది మందు ఒక్కటేనా? మాంసం లేదు, మధ్యాహ్నం ఒక్కపూట భిక్ష, రాత్రి అల్పాహారం, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక, పది దాటకుండా నిద్ర. మొదటి వారం పోయిన రెండు కిలోల్లో నీరు కూడా ఉంటది. దానికి ఎదురుగా ఇంకో ఉదాహరణ చెప్తా, మా వీధిలో ఒక స్వామి మాల వేసుకుని 3 కిలోలు పెరిగాడు, రోజూ ఎవరో ఒకరింట భిక్ష, గారెలు, పులిహోర, పాయసం, వద్దంటే వాళ్లు బాధపడతారని ఈయన బాధ. ఆయనా మందు మానేశాడు, తగ్గలేదు. అంటే మందు మానడం దారి ఖాళీ చేసుద్ది, అంతవరకే, నడవాల్సింది మనమే.

నేను మిమ్మల్ని అడగాలనుకున్నది వేరే ఉంది. దీక్షలో రాత్రి ఎనిమిదింటికి మీ ఆయన ఎక్కడుండేవారు? పూజలోనో భజనలోనో, చుట్టూ పదిమంది భవానీలు, చెయ్యడానికి పని. దీక్ష తీశాక ఆ ఎనిమిదింటి టైమే ఖాళీ, ఫోన్ మోగేదీ అప్పుడే. ఆ గంట సంగతి చూడండి. నేను ఇదే చెప్తే ఒకాయన సాయంత్రం షటిల్‌కి వెళ్లడం మొదలుపెట్టాడు, ఆటకంటే అక్కడి కబుర్లకే వెళ్తాడు, అయినా తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటున్నాడు, అది చాలు. ఇంకోటి, దీక్ష అప్పటి రాత్రి అల్పాహారం వారానికి నాలుగు రోజులన్నా ఉంచెయ్యండి, దానికి మాల అక్కర్లేదు కదా. మీరు మాత్రం మళ్లీ దీక్ష ఎప్పుడు అని రోజూ అడక్కండి, ఆ మాటకే విసుగొచ్చి బయటికి పోతారు.

ప్రశ్న: నాకు 52, షుగరుకి పొద్దున రాత్రి మాత్రలు వేస్తా. రాత్రి భోజనం పూర్తిగా మానేసి ఆ కేలరీల్లో రెండు పెద్ద పెగ్గులు సర్దుకుంటే బరువు పెరగను కదా? లెక్క సమానమే కదా? — సత్యనారాయణపురం

జవాబు: లెక్క సమానమే సార్, ప్రాణం సమానం కాదు. రాత్రిపూట తిండి లేనప్పుడు లివర్ కొత్తగా చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుద్ది, అందుకే పొద్దున దాకా మనం బతికుంటాం. ఆల్కహాలు ఆ పనిని ఆపేసుద్ది. మీరేమో అన్నం తినలేదు, చక్కెర దించే మాత్ర వేసుకున్నారు. గ్లిమిపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ అయితే మరీ ప్రమాదం, అర్ధరాత్రి షుగర్ పడిపోద్ది, చెమటలు, మాట తడబడటం, తూలడం, ఇంట్లోవాళ్లు చూసి తాగి పడుకున్నాడులే అని దుప్పటి కప్పి వెళ్లిపోతారు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఎక్కువ తాగితే రక్తంలో లాక్టిక్ ఆసిడ్ పెరిగే ప్రమాదం వేరే ఉంది. ఈ ఐడియా ఇవాళే మానేయండి, రాత్రి భోజనం తినండి, తాగే అలవాటుందని మీ డాక్టరుకి దాచకుండా చెప్పండి.

ప్రశ్న: మాది పొన్నూరు వైపు. తాటికల్లు నేచురల్ కదా, దానికి బరువు పెరగరు అంటారు మా తాత. — గుంటూరు జిల్లా

జవాబు: మీ తాతగారు చెట్లెక్కేవారేమో కనుక్కోండి! చెట్టు దగ్గర అప్పుడే దించిన తియ్యని నీరాలో ఉండేది చక్కెర, గంటలు గడిచేకొద్దీ అది పులిసి ఆల్కహాలు అవుద్ది. 4 శాతం అనుకున్నా లీటరులో ఆల్కహాలుకే 220 కేలరీలు, మిగిలిన తీపి అదనం. ఊళ్లో ఎవరూ లీటరుతో ఆపరు.

ప్రశ్న: మా నాన్నగారికి 56. పదిహేనేళ్ల నుంచి రోజూ రెండు క్వార్టర్లు. చేతులు, కాళ్లు పుల్లల్లా అయిపోయాయి, పొట్ట మాత్రం పెద్దదైంది, పాదాలు వాస్తున్నాయి. పొట్ట తగ్గడానికి డైట్ చెప్పండి. సోమవారం నుంచి ఒక్కసారిగా మానేస్తానంటున్నారు, గదిలో పెట్టి తాళం వేద్దామని మా బాబాయి అంటున్నాడు. — లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: అమ్మా, దీనికి డైట్ చెప్పను. చేతులు, కాళ్లు సన్నబడి పొట్ట ఒక్కటే పెరిగి పాదాలు వాస్తున్నాయంటే అది కొవ్వు కాకపోవచ్చు, లివర్ దెబ్బతిని పొట్టలో నీరు చేరి ఉండొచ్చు. కళ్లు పచ్చబడినా, నల్లటి విరేచనం అయినా, మగతగా తికమకగా మాట్లాడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవి లేకపోయినా ఈ వారంలోనే గ్యాస్ట్రో డాక్టరుకి చూపించండి.

తాళం మాట మాత్రం అసలొద్దు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రోజే చేతులు వణకడం, చెమటలు, ఆ తర్వాత ఫిట్స్, రెండు మూడు రోజులకి లేనివి కనపడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం దాకా వెళ్లొచ్చు, ప్రాణం మీదకొచ్చినవాళ్లున్నారు. మాల వేసుకుని ఆపేసినవాళ్లలో కూడా ఇది వస్తుంది, స్వామివారికి కోపం వచ్చిందని ఇంట్లో అనుకుంటారు. మానడం మంచిదే, డాక్టరు చూసుకుంటుండగా మందులతో మానాలి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్లండి, మత్తు మానే సాయానికి 14446 అని ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబరు కూడా ఉంది. వణుక్కి పారాసిటమాల్, నిద్రకి పక్కింటివాళ్ల మాత్ర, ఇలా సొంతంగా ఏదీ వెయ్యకండి. మీ నాన్నగారు మానేస్తానని తనంతట తానే అన్నారు కదా, ఆ మాట చల్లారకముందే, సోమవారం దాకా కూడా ఆగకుండా తీసుకెళ్లండి.

ప్రశ్న: పార్టీ మర్నాడు పొద్దున్నే మిషన్ ఎక్కితే ముప్పావు కేజీ తగ్గి ఉన్నా మేడం! మందుకి బరువు తగ్గుద్దా? — బ్రాడీపేట

జవాబు: అది కొవ్వు కాదు, రాత్రి మీరు పదిసార్లు బాత్రూంకి వెళ్లిన నీరు. ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ని ఆల్కహాలు ఆపేసుద్ది. సాయంత్రానికి నీళ్లు తాగి ఉప్పగా ఏదో తింటే అదంతా వచ్చి కూర్చుంటది, ఒక్కోసారి వడ్డీతో. పార్టీ శనివారం అయితే బుధవారం పొద్దున తూచుకోండి, బాత్రూంకి వెళ్లొచ్చాక, కాఫీ తాగకముందు.